రీలు పెట్టె నుంచి తాళంచెవి దాకా: ఫిల్మ్‌నగర్‌లో డిజిటల్ మార్పు, వ్యవసాయ విస్తరణ ముందున్న ప్రశ్నలు

ఒక సంస్థలో పని ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు సాగుతున్నది, ఎక్కడ ఆగుతున్నది, ఆగినందుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అనే విషయాలను పరిశీలించి ఆ క్రమాన్ని సరిదిద్దే విద్యను బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. తెలుగులో పని ప్రక్రియల నిర్వహణ అనవచ్చు. విస్తరణ విద్య అభ్యసించే విద్యార్థులకు ఈ అంశం నేడు పాఠంగానో, సెమినార్ విషయంగానో ఎదురవుతూనే ఉన్నది. అయితే వారికి చూపే ఉదాహరణలలో అధికభాగం జపాన్ కార్ల కర్మాగారాలవి, లేదా అమెరికా బీమా సంస్థలవి. రాజేంద్రనగర్ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద, ఒక పరిశ్రమ మన కళ్లముందే తన పని క్రమాన్ని ఆసాంతం మార్చుకున్నది. ఆ మార్పులో లాభపడినవారూ ఉన్నారు, నష్టపోయినవారూ ఉన్నారు. ఖర్చు ఎవరిదనే తగాదాతో థియేటర్లు మూతపడిన సందర్భమూ ఉన్నది. రైతు వేదికలు, రైతు సేవా కేంద్రాలు, ఈ-పంట నమోదు, రైతు రిజిస్ట్రీ వంటి ఏర్పాట్ల నడుమ పనిచేయవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఆ అనుభవం పరాయిది కాదు.

పెట్టె ప్రయాణం

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు ఒక్కనాడు తరలిరాలేదు. ముందుగా అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. నిర్మాతల కార్యాలయాలు, ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, ఫిలిం చాంబర్ చుట్టూ ఫిల్మ్‌నగర్ విస్తరించింది. కొండ దిగువన కృష్ణానగర్ వీధులలో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ పనివారు ఇరుకు గదులలో కాపురాలు పెట్టుకున్నారు. ఇరవై నాలుగు శాఖలుగా పరిశ్రమ చెప్పుకొనే శ్రమ విభజన ఇక్కడే స్థిరపడింది.

ఆనాటి పని క్రమాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల చిత్రానికి 13,500 అడుగులు కావాలి. వెయ్యి అడుగుల రీళ్లుగా లెక్కిస్తే పద్నాలుగు రీళ్లు. ఇది ఒక్క ప్రింటు మాత్రమే. యాభై థియేటర్లలో ఒకేసారి విడుదల చేయాలంటే యాభై ప్రింట్లు తీయాలి. ప్రతి ప్రింటుకూ ముడి ఫిలిం ఖర్చు, ల్యాబులో రసాయనాల ఖర్చు, రవాణా ఖర్చు విడివిడిగా పడేవి. అందువల్ల నిర్మాత ప్రింట్లను లెక్కపెట్టి తీయించేవాడు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అనే పంపిణీ ప్రాంతాల వారీగా వాటిని పంచేవారు. పట్టణంలోని ఎ సెంటరులో కొన్ని వారాలు ఆడిన ప్రింటే గీతలు పడి, అతుకులు వేయించుకొని, బి సెంటరుకు, ఆపైన మండల కేంద్రంలోని సి సెంటరుకు చేరేది. రీళ్ల పెట్టె బస్సు మీద ఎక్కి వచ్చేది. రెండు థియేటర్లు ఒకే ప్రింటును పంచుకున్నచోట, ఇక్కడ ఆడిన రీలును అక్కడికి అందించడానికి సైకిలు మీద ఒక మనిషి సిద్ధంగా ఉండేవాడు. దారిలో గొలుసు ఊడితే రెండో థియేటరులో ఈలలు మొదలయ్యేవి.

ఈ వరుసలో బయటివారికి కనిపించని మెట్టు ఒకటి ఉన్నది. అది ల్యాబు. నెగెటివ్ ల్యాబులోనే ఉండేది. చిత్రానికి అప్పు ఇచ్చిన ఫైనాన్షియర్ ల్యాబుతో ఒక లేఖ రాయించుకొనేవాడు. తన బాకీ తీరేవరకు ప్రింట్లు బయటికి ఇవ్వరాదన్నది దాని సారాంశం. కనుక విడుదలకు ముందురోజు రాత్రి లావాదేవీలన్నీ ల్యాబు గుమ్మం వద్ద తేలేవి. ఎవరికి ఎంత ముట్టింది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు బిగదీశారు అన్నది పెట్టె కదిలిందా లేదా అన్న ఒక్క ప్రశ్నలో బయటపడేది. అంటే ల్యాబు రసాయన శాలగానే కాక, పరిశ్రమ ఆర్థిక వ్యవహారాలకు తూము గేటుగా కూడా పనిచేసింది. పని ప్రక్రియను గీసే విద్యార్థి సాధారణంగా ఇటువంటి మెట్టును కేవలం ఒక సాంకేతిక దశగా గుర్తించి వదిలివేస్తాడు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

గేటు మాయం కాలేదు

2002లో హాలీవుడ్ సంస్థలు కలిసి డిజిటల్ సినిమా ఇనీషియేటివ్స్ అనే వేదికను ఏర్పరచుకొని, 2005లో సాంకేతిక ప్రమాణాలను ప్రకటించాయి. మన దేశంలో చెన్నైకి చెందిన రియల్ ఇమేజ్ సంస్థ క్యూబ్ పేరుతోను, ముంబయికి చెందిన యు.ఎఫ్.ఓ. మూవీజ్ ఉపగ్రహ ప్రసార పద్ధతితోను డిజిటల్ ప్రదర్శనను థియేటర్లకు చేర్చాయి. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీ 2013లో సినిమా ఫిలిం తయారీని ఆపివేసింది. ఆనాటికే తెలుగునాట ఫిలిం ప్రింట్ల శకం ముగింపునకు వచ్చింది.

ఇప్పుడు చిత్రం థియేటరుకు డిజిటల్ సినిమా ప్యాకేజిగా వెళ్తుంది. సాధారణంగా వంద నుంచి మూడువందల గిగాబైట్ల పరిమాణం గల ఈ ప్యాకేజి సంకేత రూపంలో బిగించి ఉంటుంది. హార్డ్ డిస్కులోనో, ఉపగ్రహం ద్వారానో అది ముందే థియేటరుకు చేరిపోతుంది. కాని తెరమీదికి రాదు. దానిని తెరవడానికి కె.డి.ఎం. అనే చిన్న ఫైలు కావాలి. దానినే డిజిటల్ తాళంచెవి అనుకోవచ్చు. ఏ థియేటరులోని ఏ సర్వరులో, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట వరకు ప్రదర్శించవచ్చునో అందులో నిర్దేశించి ఉంటుంది. ఆ గడువు దాటితే తాళం తిరిగి పడుతుంది. నకిలీ ప్రతులను అరికట్టడానికి పుట్టిన ఏర్పాటే అయినా, వ్యవహారంలో అది ల్యాబు గుమ్మం చేసిన పనినే చేస్తున్నది. బాకీలు తేలనప్పుడు వెనుకటి రోజులలో పెట్టె ఆగేది. నేడు తాళంచెవి ఆగుతుంది. తెల్లవారుజామున ప్రత్యేక ప్రదర్శనకు జనం థియేటరు ముందు నిలబడి ఉండగా, సర్వరులో చిత్రం ఉండీ తెరచుకోకపోవడమనే విచిత్రం ఈ కారణంగానే సంభవిస్తుంది.

పెట్టె పోయింది, సైకిలు మనిషి పోయాడు, ల్యాబు మూతపడింది. గేటు మాత్రం పోలేదు, చేతులు మారింది. డిజిటల్ మార్పును అధ్యయనం చేసేవారు మొదట వెతకవలసినది ఈ చేతుల మార్పునే.

రెండవ పర్యవసానం విడుదల తీరులో కనిపించింది. అదనపు ప్రతికి అయ్యే ఖర్చు నామమాత్రం కావడంతో ఎ, బి, సి సెంటర్ల అంతస్తులు కూలిపోయాయి. మండల కేంద్రంలోని ప్రేక్షకుడు హైదరాబాదు ప్రేక్షకుడితో పాటు అదే రోజున, గీతలు లేని బొమ్మను చూడగలిగాడు. ఇది నిస్సందేహంగా మేలు. అయితే వందరోజుల ఆట కూడా దానితోనే అంతరించింది. మొదటి మూడు రోజులలో రావలసిన వసూళ్లు రాకపోతే చిత్రం కథ ముగిసినట్టే అయింది. నోటి మాటతో నెమ్మదిగా పుంజుకొనే చిన్న చిత్రానికి పాత అంతస్తుల పద్ధతి ఇచ్చిన వ్యవధి కొత్త పద్ధతిలో దొరకలేదు.

ఖర్చు ఎవరిది?

డిజిటల్ ప్రొజెక్టరు ఖరీదైన యంత్రం. దానిని కొనవలసినది థియేటరు యజమాని. ప్రింట్ల ఖర్చు మిగిలేది నిర్మాతకు. ఈ అసమతుల్యాన్ని సరిచేయడానికి అమెరికాలో వర్చువల్ ప్రింట్ ఫీజు అనే ఏర్పాటు వచ్చింది. ప్రింటు తీయనందువల్ల మిగిలిన సొమ్ములో కొంత భాగాన్ని, యంత్రాల ఖరీదు తీరేవరకు, పంపిణీ సంస్థలు చెల్లించడం దాని ఉద్దేశం. గడువు తీరగానే అది ఆగిపోవాలి. మన దక్షిణాదిన ఏళ్లు గడిచినా ఈ రుసుము ఆగలేదని నిర్మాతలు ఆక్షేపించారు. నిర్వహణ, సేవల ఖర్చులు కొనసాగుతూనే ఉన్నాయని డిజిటల్ సేవల సంస్థలు వాదించాయి. చర్చలు ఫలించక, 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాదిన కొత్త చిత్రాల విడుదలలు నిలిచిపోయాయి. తెలుగునాట వారం రోజులలో రాజీ కుదిరింది. తమిళనాడులో ఏప్రిల్ మధ్యభాగం వరకు ప్రతిష్టంభన సాగింది.

ఈ తగాదాలో ఎవరి వాదం సరైనదో తేల్చడం ఇక్కడ ముఖ్యం కాదు. భారీ చిత్రానికి ఈ రుసుము బడ్జెట్‌లో చిన్న అంకె. కోటి రూపాయల లోపు చిత్రం తీసిన నిర్మాతకు అదే విడుదల చేయాలా వద్దా అన్న ప్రశ్న. ఆదా అయినది అందరి ఖాతాలో రాసి, ఖర్చు మాత్రం ఒకరి ఖాతాలో రాసే ఏర్పాటు ఎంతటి సాంకేతిక ప్రతిభతో రూపొందినా చివరికి వీధికెక్కుతుంది. కార్మికుల వైపు నుంచీ ఇదే జరిగింది. 2025 ఆగస్టులో ముప్ఫై శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు చిత్ర పరిశ్రమ ఉద్యోగుల సమాఖ్య రెండు వారాలకు పైగా షూటింగులు ఆపింది. ప్రభుత్వం కల్పించుకున్న తరువాత మూడేళ్లలో దశలవారీ పెంపునకు ఒప్పందం కుదిరింది. తెరమీది సాంకేతికత అంతర్జాతీయ స్థాయికి చేరిన పరిశ్రమలో రోజువారీ బేటాల లెక్క ఇంకా బేరసారాలతోనే తేలుతున్నదని ఆ సమ్మె గుర్తుచేసింది.

చవకైన మెట్టు, సడలిన క్రమశిక్షణ

ఫిలిం ఖరీదైనది కనుక దర్శకుడు షాటుకు ముందు ఆలోచించేవాడు. నెగెటివ్ కోత ఒకసారి పడితే వెనక్కు తీసుకోలేరు కనుక ఎడిటింగ్ గదిలో నిర్ణయాలు ముందే ఖాయమయ్యేవి. డిజిటల్ కెమెరాలో ఫుటేజికి ఖర్చు లేదు; కోతకు భయం లేదు. సృజనకు ఇది స్వేచ్ఛనిచ్చిన మాట నిజం. 2015లో విడుదలైన బాహుబలి వంటి చిత్రానికి అనేక విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు వేర్వేరు నగరాల నుంచి ఒకే కాలంలో పనిచేయడం డిజిటల్ పద్ధతి లేకుండా ఊహించలేనిది. అటువంటి చిత్రంలో ప్రతి షాటుకు ఒక సంఖ్య, ప్రతి మార్పుకు ఒక వెర్షన్, ప్రతి వెర్షన్‌కు ఆమోదించే ఒక బాధ్యుడు ఉండి తీరాలి. ఆ వరుసను ముందుగా గీసుకున్నచోట డిజిటల్ పరికరం వేగాన్ని ఇచ్చింది. గీసుకోనిచోట అదే పరికరం నిర్ణయాలను వాయిదా వేయడానికి సాధనమైంది. విడుదలకు రెండు రోజుల ముందు కూడా గ్రాఫిక్స్ అందక తేదీలు మారడం, విడుదలైన తరువాత నిడివి తగ్గించి కొత్త ప్రతి పంపడం నేడు వింత వార్తలు కావు.

వ్యవసాయ విస్తరణలో ఇటువంటిదే మరొకటి జరిగింది. కరపత్రం అచ్చువేయడానికి ఖర్చయ్యే కాలంలో ఒక సిఫారసు రైతుకు చేరాలంటే అది పరిశోధనా స్థానంలో నిగ్గుతేలి, ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశంలో చర్చకు వచ్చి, ఆపైన అచ్చుకు వెళ్లేది. ఆ క్రమం నెమ్మది. ఆ నెమ్మదే ఒక వడపోత. వాట్సాప్ సందేశానికి అచ్చు ఖర్చు లేదు. కనుక వడపోత కూడా లేకుండా పోయింది. 2018లో మొక్కజొన్న మీద కత్తెర పురుగు, 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు విజృంభించినప్పుడు రైతుకు తక్షణ సలహా అవసరమైంది; సంవత్సరానికి ఒకటి రెండు సమావేశాలతో నడిచే పాత క్రమం ఆ వేగాన్ని అందుకోలేని మాట వాస్తవం. కాని ఆ ఖాళీలో ఫోన్లలో తిరిగిన మందుల మిశ్రమాల జాబితాలకు బాధ్యులెవరు? సినిమా షాటుకు ఉన్న వెర్షన్ సంఖ్య, ఆమోదించినవారి పేరు, తేదీ పైరు కాపాడవలసిన సలహాకు లేకపోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. నిన్నటి సలహాను నేడు సవరించినప్పుడు, పాతది రద్దయిందని రైతుకు తెలియజేసే మార్గం ఇప్పటికీ చాలా గ్రూపులలో లేదు.

ఆవుల బాట

1990లో మైకేల్ హామర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ విద్యలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ఆవులు తొక్కిన వంకర బాటనే గట్టిపరచి రోడ్డు అనుకోవడం కంప్యూటరీకరణ కాదన్నది అందులోని ఒక ప్రధానమైన హెచ్చరిక. పొలం గట్ల మీద నడిచిన వ్యవసాయ పట్టభద్రులకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.

2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. సాగునీటి ప్రాంతంలో 2.5 హెక్టార్లకు, వర్షాధారంలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీసి, 12 అంశాలను పరీక్షించి, పంటవారీ ఎరువుల సిఫారసును ముద్రించి ఇవ్వడం పథకం స్వరూపం. నమూనా తీసిన స్థలం ఫోనులో నమోదవుతుంది, ఫలితం పోర్టల్‌కు ఎక్కుతుంది, పత్రం ముద్రణకు సిద్ధమవుతుంది. కాగితం మీద లోపమేమీ లేదు. కాని ఈ వరుసకు గడువు ఏది? పోర్టల్‌లో ఫలితం ఎక్కిన తేదీ గడువు కాదు. రైతు దుకాణానికి వెళ్లి డి.ఎ.పి. బస్తా కొనే రోజే అసలైన గడువు. వానాకాలం వరికి దమ్ము చేసిన తరువాత చేతికందిన పత్రం, ఎ సెంటరులో ఆడి అరిగి వచ్చిన సి సెంటరు ప్రింటు వంటిది. బొమ్మ ఉంటుంది, సందర్భం దాటిపోయి ఉంటుంది. కనుక కొనే రోజు నుంచి వెనక్కు లెక్కించి, వేసవిలో ఏ వారంలో మట్టి తీయాలి, ల్యాబులో ఎన్ని రోజులకు మించి ఉండరాదు, పత్రాన్ని ఎవరు చేతికిచ్చి వివరించాలి అన్నది నిర్ణయించుకోవాలి. థియేటరు తెర ఎత్తే గంట నుంచి వెనక్కు లెక్కపెట్టే పంపిణీదారు ఆ పనిని ఏ డిగ్రీ లేకుండానే చేస్తున్నాడు.

తెర విషయంలోనూ విస్తరణకు పాత అనుభవమే ఉన్నది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా వ్యవసాయ కార్యక్రమాలు చేరాయి. బొమ్మ గ్రామానికి వచ్చింది. గ్రామం నుంచి ప్రశ్న వెనక్కు వెళ్లే దారి ఆ ఏర్పాటులో లేదు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలై తరువాత డిజిటల్ గ్రీన్‌గా రూపుదిద్దుకున్న ప్రయోగం స్థానిక రైతులనే తెరమీద చూపి, చూస్తున్నప్పుడు వీడియోను ఆపి చర్చ నడిపించే మనిషిని నియమించింది. ఆ మనిషే ప్రక్రియలో ముఖ్యమైన మెట్టు. తెలంగాణలో 2024 మార్చిలో తొలివిడతగా 110 రైతు వేదికలలో ప్రారంభించిన రైతు నేస్తం దృశ్య సమావేశాలలో శాస్త్రవేత్తతో రైతు నేరుగా మాట్లాడగలుగుతున్నాడు. ఇది సైట్ కంటే ఎంతో ముందడుగు. అయితే మంగళవారం అడిగిన ప్రశ్న ఏ రిజిస్టరులో చేరింది, జవాబు ఏ క్షేత్రంలో అమలైంది, అమలు కాకపోతే ఏ విస్తరణాధికారి తిరిగి వెళ్లి చూశాడు అన్నది నమోదు చేయని పక్షంలో అది మంచి ప్రసారమే అవుతుంది కాని ప్రక్రియ కాదు.

తాళంచెవి లేని సాగుదారు

ఫిల్మ్‌నగర్ అనుభవంలో విస్తరణ రంగానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది గేటు విషయమే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, ధాన్యం కొనుగోలుకు ద్వారమైంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషన్‌లో భాగంగా రైతు రిజిస్ట్రీ రూపొందుతున్నది. ఇవి అవసరమైన ఏర్పాట్లే. కాగితాల రోజులలో గ్రామ రెవెన్యూ అధికారి సంతకం కోసం తిరిగిన రైతుకు ఫోనులో నమోదు ఊరట. కాని అధికారి సంతకం స్థానంలో వచ్చినది కూడా గేటే.

ఆ గేటు ముందు కౌలురైతు నిలబడి ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం, 2019 ప్రకారం పదకొండు నెలల సాగు హక్కు పత్రం పొందాలంటే భూయజమాని అంగీకారం, సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు చెదురుతుందేమోనన్న భయం యజమానికి. అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదేమోనన్న భయం సాగుదారుకు. పత్రం లేనిచోట పంట ఎవరిపేర నమోదవుతుందన్నది క్షేత్రంలో పనిచేసిన ప్రతి విస్తరణాధికారికీ తెలిసిన సంగతే. పొలంలో చెమట ఒకరిది, సర్వరులో పేరు మరొకరిది. తుపానుకు పైరు పడిపోయినప్పుడు ఈ తేడా రూపాయలలో బయటపడుతుంది. సాఫ్ట్‌వేరు తప్పు చేయలేదు. దానికి ఇచ్చిన నమూనాలో సాగుదారు, యజమాని ఒకరేనన్న ఊహ ఉన్నది. నమూనా గీసిన నాడు కౌలురైతును ఎవరూ ఆ బల్ల దగ్గరికి పిలవలేదు.

విద్యార్థుల పరిశోధనకు ఇక్కడ విస్తారమైన అవకాశం ఉన్నది. విస్తరణ విభాగాలలో వెలువడుతున్న సిద్ధాంత గ్రంథాలలో చాలావరకు రైతుల అవగాహన స్థాయిని, యాప్ వినియోగాన్ని ప్రశ్నావళితో కొలుస్తున్నాయి. నూట ఇరవై మంది రైతులను ఎంచుకొని, అవగాహనను తక్కువ, మధ్యస్థ, అధిక అని మూడు గళ్లలో పేర్చే పద్ధతికి అలవాటుపడిపోయాం. దాని బదులు ఒక్క మండలంలో, ఒక్క పంటకాలంలో, ఒక్క మట్టి నమూనాను పొలం నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి రైతు చేతికి, రైతు చేతి నుంచి ఎరువుల దుకాణానికి అనుసరించి, ఏ మెట్టులో ఎన్ని రోజులు గడిచాయో, ఏ మెట్టులో ఎవరి మాట చెల్లిందో రాసుకుంటే చాలు. అలాగే ఒక ఈ-పంట నమోదును, కౌలు కుదిరిన ఉగాది నుంచి బీమా సొమ్ము జమ అయిన రోజు దాకా వెంబడించవచ్చు. సంచి మీద చీటీ అంటించిన తేదీ, ల్యాబు రిజిస్టరులో చేరిన తేదీ, పత్రం మీద ముద్రించిన తేదీ, రైతు సంతకం చేసిన తేదీ: ఈ నాలుగు తేదీలను పక్కపక్కన రాసిన ఒక్క పట్టికను చేతపట్టుకొని వచ్చే సలహా మండలి సమావేశంలో కూర్చుంటే చర్చ ఎక్కడ మొదలు కావాలో వేరుగా చెప్పవలసిన పని ఉండదు.